శివారులో గుడి, గుడి చుట్టూ ఊరు: విక్టోరియా కాలపు లండన్ చర్చిని అర్థం చేసుకోవడం

పశ్చిమ లండన్‌లో టర్న్‌హమ్ గ్రీన్ స్టేషన్‌కి దగ్గర్లో, రోడ్డుకి ఒక పక్క సెయింట్ మైకేల్ అండ్ ఆల్ ఏంజెల్స్ చర్చి ఉంటుంది. ఎదురుగా టాబర్డ్ అనే పబ్బు, దాన్ని ఆనుకుని ఒకప్పటి సరుకుల దుకాణం. మూడింటికీ ప్లాన్ గీసింది ఒక్కరే, రిచర్డ్ నార్మన్ షా. మూడూ 1880 నాటివి. జోనథన్ కార్ అనే వ్యాపారి 1875లో మొదలుపెట్టిన బెడ్‌ఫర్డ్ పార్క్ కాలనీకి ఈ మూడూ కలిసి నడిబొడ్డు. రైలు 1869లోనే వచ్చింది. రైలు వచ్చింది కాబట్టి ఇళ్లు వచ్చాయి, ఇళ్లు వచ్చాయి కాబట్టి చర్చి కావాల్సి వచ్చింది.

ఈ వరుస ముఖ్యం. ఇంగ్లండ్ పల్లెల్లో చర్చి ఏ పన్నెండో శతాబ్దంలోనో కట్టింది, ఊరంత పాతది. శివారు చర్చి అలా కాదు. దాని గోడలు, కమానులు చూస్తే మధ్యయుగంలో కట్టారేమో అనిపిస్తుంది. అది పుట్టింది మాత్రం రైళ్లు, గ్యాస్ దీపాలు, గుమాస్తా ఉద్యోగాల కాలంలో. ఒకరికొకరు తెలియని వేలమందిని ఒక ఊరిగా కలపడానికి కావాలని కట్టిన కట్టడం అది. ఈ మాట గుర్తుంచుకుంటే ఆ చర్చిలో ప్రతి మూలా అర్థమవుతుంది. ఎత్తైన మెట్లు, కొయ్య తెర, బెంచీల వరుసలు, పక్కనున్న హాలు, ఏవీ ఊరికే పెట్టినవి కావు.

ముందు జనం సంగతి. 1801లో లండన్ జనాభా పది లక్షల చిల్లర. 1901 నాటికి శివార్లతో కలిపి అరవై లక్షలు దాటింది. పాత పారిష్ హద్దులు (పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం, మన క్యాథలిక్కులు విచారణ అంటారు) పొలాలూ పల్లెలూ ఉన్న రోజుల్లో గీసినవి. వెయ్యి మంది ఉన్న పారిష్‌లోకి ముప్పై వేల మంది వచ్చి పడితే అక్కడున్న ఒక్క చర్చి, ఒక్క ఫాదర్ ఏం చేయగలరు? ఫ్రెంచి విప్లవాన్ని, ఆ తర్వాత వాటర్లూ యుద్ధాన్ని చూసిన ప్రభుత్వానికి, చర్చి లేని పేటలంటే తిరుగుబాటు పుట్టే పేటలనే భయం పట్టుకుంది. 1818లో పార్లమెంటు కొత్త చర్చిల కోసం పది లక్షల పౌండ్లు ఇచ్చింది, 1824లో మరో ఐదు లక్షలు. ఆ పథకం కింద ఆరు వందలకు పైగా చర్చిలు లేచాయి.

అయినా చాల్లేదు. 1851 మార్చి 30, ఆదివారం నాడు ప్రభుత్వం ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆరాధనకు వచ్చినవాళ్లను లెక్కపెట్టించింది. జనాభా సుమారు ఒక కోటి డెబ్భై తొమ్మిది లక్షలు. ఒక మనిషిని ఒకసారే లెక్కేస్తే గుడికి వెళ్లినవాళ్లు డెబ్భై రెండు లక్షల చిల్లర అని అంచనా కట్టారు. వాళ్లలోనూ దాదాపు సగం మంది ప్రభుత్వ చర్చి అయిన ఇంగ్లండ్ చర్చికి కాక మెథడిస్టు, బాప్టిస్టు, క్యాథలిక్ వంటి వేరే సంఘాలకు వెళ్లారు. దేశమంతా తమదే అనుకున్న ఇంగ్లండ్ చర్చికి ఇది పెద్ద దెబ్బ. కొత్త పారిష్‌లను సులువుగా విడదీయడానికి 1843లో ఒకటి, 1856లో ఒకటి చట్టాలు వచ్చాయి. శివారులో కొత్త పారిష్ పుట్టే తీరు అప్పటినుంచి దాదాపు ఒకేలా ఉండేది. ముందు ఒక యువ ఫాదర్‌ని పంపుతారు. ఆయన ఏదో ఒక గదిలోనో, రేకుల షెడ్డులోనో ఆరాధన మొదలుపెడతాడు. జనం పోగయ్యాక చందాలు. చందాలు పోగయ్యాక పునాదిరాయి.

రేకుల చర్చి అన్నది మాటవరసకి అన్నది కాదు. అలల రేకులతో చేసిన చర్చిలను కంపెనీలు విడిభాగాలుగా అమ్మేవి, కొనుక్కుని తెచ్చి బిగించుకోవడమే. ఉత్తర లండన్‌లోని కిల్‌బర్న్‌లో 1863 నాటి రేకుల గుడి ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. బెడ్‌ఫర్డ్ పార్క్ సంఘం కూడా రాతి పునాదికి ముందు తాత్కాలికపు చర్చిలోనే మొదలైంది.

ఇక డబ్బు. శివారు చర్చి కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే భాగం ఇదే. ఎందుకంటే డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నదే లోపల ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చింది.

పాత రోజుల్లో పారిష్‌లో ఇల్లున్న ప్రతివాడూ, తాను ఏ సంఘానికి వెళ్లినా, చర్చి మరమ్మతులకు పన్ను కట్టాల్సి వచ్చేది. బాప్టిస్టులు, క్వేకర్లు దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు. 1868లో పార్లమెంటు నాయకుడు గ్లాడ్‌స్టన్ చొరవతో ఈ పన్నును బలవంతంగా వసూలు చేయడం ఆగిపోయింది. అంటే 1870ల శివారు చర్చి చేతిలో పన్ను లేదు, పాత ఊరి చర్చికి ఉన్నట్టు మాన్యాలూ లేవు. మిగిలింది మూడు దారులు: ధనవంతుల చందా, బెంచీ అద్దె, ఆదివారపు కానుక.

బెంచీ అద్దె ఇలా ఉండేది. ముందు వరుసల్లో, మధ్యలో, ప్రసంగం బాగా వినపడే చోట్ల ఉన్న బెంచీలను కుటుంబాలు సంవత్సరానికో, మూడు నెలలకో అద్దెకు తీసుకునేవి. బెంచీకి నంబరు, ఒక్కోచోట చిన్న తలుపు, తలుపుకి పేరు రాసిన కార్డు. ఆ కుటుంబం రాకపోయినా ఆ చోటు ఖాళీగానే ఉండాలి. డబ్బు ఇవ్వలేనివాళ్లకి ఉచిత సీట్లు ఉండేవి, కానీ వెనకో, పక్కల్లోనో, స్తంభం అడ్డొచ్చే చోటో, చలిగాలి కొట్టే తలుపు దగ్గరో. పేదవాడికి తన పేదరికం దేవుడి ఎదుట, పదిమంది కళ్లముందు ప్రతి ఆదివారం కనపడేది. శ్రామికులు చర్చికి ఎందుకు రావడం లేదని బిషప్పులు తలపట్టుకుంటుంటే, జవాబు బెంచీ తలుపు మీద కార్డులోనే ఉంది.

దీనికి ఎదురుతిరిగినవాళ్లు కూడా చర్చి లోపలివాళ్లే. 1818లో ఏర్పడిన ఇన్‌కార్పొరేటెడ్ చర్చ్ బిల్డింగ్ సొసైటీ, ఇన్ని సీట్లు ఉచితంగా ఉంచాలన్న షరతుతోనే గ్రాంటు ఇచ్చేది. ఆ షరతును రాసిన బోర్డులు చాలా చర్చిల గోడలకి ఇప్పటికీ కనిపిస్తాయి. కానుక ఆదివారం ఆదివారం పట్టే పద్ధతి కూడా ఈ పోరాటంలోనే బలపడింది. అద్దె వద్దంటే ఆ లోటు పూడ్చాలి కదా. ఈ రోజు మన సంఘాల్లో పాట పాడుతుండగా కానుక సంచి వరుసలో తిరగడం చూస్తే, అది అనాదిగా ఉన్న ఆచారమే అనిపిస్తుంది. విక్టోరియా కాలపు ఇంగ్లండ్‌లో అది ఒక సంస్కరణ, బెంచీ అద్దెకు పోటీగా నిలబెట్టిన పద్ధతి.

ఇప్పుడు కట్టడంలోకి వద్దాం. 1780ల నాటి ఇంగ్లిష్ చర్చిలోకి వెళితే ముందు కనపడేది ప్రసంగ వేదిక, అదీ రెండు మూడు అంచెలుగా, ఎత్తులో. మూడు పక్కలా మేడ గ్యాలరీలు. పడమటి గ్యాలరీలో ఫిడేలు, క్లారినెట్ వాయించే ఊరి బృందం. ప్రభు భోజనపు బల్ల ఎక్కడో చివర, చిన్నగా. మనుషులు వినడానికి వచ్చే హాలు అది. 1839లో కేంబ్రిడ్జి విద్యార్థులు కొందరు కలిసి పెట్టిన కేమ్డెన్ సొసైటీ ఈ అమరికంతా తప్పని ప్రకటించింది. వాళ్లకి ముందే అగస్టస్ ప్యూజిన్ అనే ఆర్కిటెక్టు, క్రైస్తవ దేశానికి తగిన కట్టుబడి, కొన తేలిన కమానులుండే మధ్యయుగపు గోథిక్ శైలి ఒక్కటేనని వాదించాడు. 1833లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన ఉద్యమం, ప్రసంగానికన్నా ప్రభు భోజనం వంటి పవిత్ర సంస్కారాలకే పెద్దపీట వేయాలని పట్టుబట్టింది. ఈ మూడు పాయలూ కలిసి, ఒక తరంలో ఇంగ్లండ్ చర్చి లోపలి రూపాన్ని తిరగేశాయి.

ఫలితం ఇది. జనం కూర్చునే పొడవాటి హాలు, దాన్ని నేవ్ అంటారు. దానికి తూర్పు చివర మెట్లెక్కి వెళ్లే చాన్సెల్, అంటే పాటగాళ్లూ ఫాదర్లూ ఉండే భాగం. ఇంకా పైన బలిపీఠం. నేవ్‌కీ చాన్సెల్‌కీ మధ్య చాలాచోట్ల చెక్కిన కొయ్య తెర. ప్రసంగ వేదిక ఒక పక్కకి జరిగింది. గ్యాలరీలు పోయాయి. ఫిడేళ్ల బృందమూ పోయింది. వాళ్ల బదులు తెల్ల అంగీలు వేసుకున్న మగపిల్లలు, మగవాళ్లు చాన్సెల్‌లో రెండు వైపులా ఎదురెదురుగా కూర్చుని ఆర్గన్‌తో పాడటం మొదలైంది. అంతకుముందు ఇలాంటి క్వయర్, అంటే పాటల బృందం, కెథడ్రల్స్‌కే (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చిలకే) పరిమితం. 1841లో లీడ్స్ పారిష్ చర్చి దీన్ని మామూలు పారిష్‌లోకి తెచ్చింది. 1861లో ‘హిమ్స్ ఏన్షంట్ అండ్ మోడర్న్’ పాటల పుస్తకం వచ్చాక ఏ శివారు చర్చిలో విన్నా అవే పాటలు. సికింద్రాబాద్‌లోనో, మచిలీపట్నంలోనో పాత ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) వారసత్వం ఉన్న సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో తెల్ల అంగీల క్వయర్ శిలువ వెనక వరుసగా లోపలికి నడిచి వస్తుందంటే, ఆ నడక వెనక ఉన్నది ఈ మార్పే. ఊరి బృందాల్లో తరాలుగా వాయించినవాళ్లకి మాత్రం ఇది అన్యాయంగానే జరిగింది. చక్కదనం పేరుతో వాళ్లని మెట్లు దింపి పంపేశారు. ఆ నష్టం గురించి గోథిక్ అభిమానులు తగినంత మాట్లాడలేదని నా అభిప్రాయం.

శివారు చర్చిల్లో ఎక్కువ భాగం ఇటుకే. రాయి లండన్‌కి దూరం నుంచి రావాలి, ఇటుక అక్కడి మట్టితోనే కాలుతుంది. మొదట్లో ఇటుక అంటే చవక, చర్చికి తగనిది అనే చిన్నచూపు ఉండేది. విలియం బటర్‌ఫీల్డ్ 1859లో పూర్తిచేసిన మార్గరెట్ స్ట్రీట్ ఆల్ సెయింట్స్ చర్చి దాన్ని పోగొట్టింది. ఎర్ర ఇటుకలో నల్ల ఇటుకతో చారలు, గళ్లు పేర్చి, ఇటుకే అలంకారం అని చూపించింది. జార్జ్ ఎడ్మండ్ స్ట్రీట్ అదే దారిలో పిమ్లికోలో సెయింట్ జేమ్స్ ది లెస్ కట్టాడు. నార్మన్ షా ఈ స్ట్రీట్ ఆఫీసులోనే పెద్ద సహాయకుడిగా పనిచేశాడు.

కిల్‌బర్న్‌లోని సెయింట్ అగస్టీన్స్ ఇటుకతో ఎంతదూరం వెళ్లొచ్చో చెబుతుంది. దాని పుట్టుకే ఒక గొడవ. అక్కడి సెయింట్ మేరీస్ చర్చిలో సహాయ ఫాదర్‌గా ఉన్న రిచర్డ్ కిర్క్‌పాట్రిక్ ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం మనిషి, కొత్తగా వచ్చిన పెద్ద ఫాదర్‌కి ఆ పద్ధతులు గిట్టవు. కిర్క్‌పాట్రిక్ తన వెంట వచ్చినవాళ్లతో 1870లో వేరే పారిష్‌కి నాంది పలికాడు. ఆర్కిటెక్టు జాన్ లఫ్‌బరో పియర్సన్. చర్చి 1880లో ప్రతిష్ఠ అయింది, శిఖరం పూర్తయ్యేసరికి 1898. ఎత్తు 254 అడుగులు. గోడలను నిలబెట్టే ఊతాలను పియర్సన్ బయట కాక లోపలికి పెట్టి, వాటిని తొలిచి నడవలు తీశాడు, పైన చుట్టూ గ్యాలరీ నడిపాడు, కప్పంతా కమానులతో మూశాడు. లోపల నిలబడితే గోడ ఎక్కడ ఆగుతుందో తెలియదు, నీడల వెనక నీడలు. ఫ్రాన్సులోని అల్బీ కెథడ్రల్‌తో దీన్ని పోలుస్తారు. అద్దె ఇళ్ల మధ్య, అప్పుడే వేసిన వీధుల్లో, కెథడ్రల్ స్థాయి కట్టడం. నగరం అంచున బతికేవాడికి కూడా నడిబొడ్డులో ఉన్నవాడికి దక్కే గొప్పదనం దక్కాలన్న పట్టుదల నాకు అందులో కనిపిస్తుంది.

పద్దెనిమిదేళ్లు శిఖరం లేకుండా ఉండటం అప్పట్లో వింత కాదు. గోపురానికి డబ్బు చివరికి మిగలదు. చాలా శివారు చర్చిల గోపురం మొండిగా ఆగిపోయి అలాగే ఉండిపోయింది. షా బెడ్‌ఫర్డ్ పార్క్‌లో ఈ చిక్కే లేకుండా చేశాడు. గోపురం బదులు పైకప్పు మీద చిన్న కొయ్య గూడు పెట్టాడు. ఎర్ర ఇటుక, ఎర్ర పెంకులు, తెల్ల రంగు వేసిన కొయ్య పిట్టగోడ. కిటికీలు గోథిక్, మిగతా వివరాలు చుట్టుపక్కల ఇళ్లలాంటివే. లోపల కొయ్య పనికి ఆకుపచ్చ రంగు, చాన్సెల్ మాత్రం నేవ్ కన్నా బాగా ఎత్తులో. వచ్చేవాళ్లు చిత్రకారులు, రచయితలు, నటులు, కొత్త అభిరుచి ఉన్న మధ్యతరగతి. వాళ్ల ఇంటి హాలుకి పెద్దక్కలా ఉండే చర్చి ఇది. ఇళ్లకు వేరుగా, ఎత్తుగా కాక, ఇళ్లతో కలిసిపోయేలా కట్టడం అప్పటికి కొత్త ఆలోచన.

అయినా గొడవ తప్పలేదు. 1880 ఏప్రిల్‌లో ప్రతిష్ఠ జరగగానే ఆ ప్రాంతపు పాత పారిష్ అయిన చిజిక్‌లో చర్చి వ్యవహారాలు చూసే వార్డెన్ లండన్ బిషప్‌కి ఫిర్యాదు పెట్టాడు, ఇక్కడ జరిగేవి పోపుగారి క్యాథలిక్ పద్ధతులని. ఇది ఇద్దరు మనుషుల మధ్య కోపం మాత్రమే అయితే చెప్పుకోనక్కర్లేదు. 1874లో పార్లమెంటు ఆరాధన పద్ధతుల నియంత్రణకు ఒక చట్టమే చేసింది. బలిపీఠం మీద కొవ్వొత్తులు, సాంబ్రాణి ధూపం, రంగు వస్త్రాలు, ఇవి కోర్టు కేసులు. దక్షిణ లండన్ హ్యాచమ్‌లోని సెయింట్ జేమ్స్ ఫాదర్ ఆర్థర్ టూత్ 1877లో జైలుకి వెళ్లాడు. కొవ్వొత్తికి జైలా అని ఇప్పుడు ఆశ్చర్యపోతాం. కానీ ఆరాధన రూపం మారితే దేశం క్యాథలిక్ అయిపోతుందన్న భయం అప్పటివాళ్లకి నిజమైన భయం.

ఆదివారం తలుపు లోపల జరిగింది ఒక ఎత్తు, మిగతా ఆరు రోజులూ ఒక ఎత్తు. ఉదయం ఆరాధనకు కుటుంబాలు. సాయంత్రం ఆరాధనకు ఎక్కువగా పనిమనుషులు, దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లు. యజమానుల భోజనాలు అయ్యాకగాని వాళ్లకి తీరిక దొరకదు. చీకటి పడ్డాక కూడా జనం కూడటానికి వీలు కల్పించింది గ్యాస్ దీపం. ఒకే చర్చిలో ఒకే రోజు రెండు తరగతుల మనుషులు రెండు వేళల్లో వచ్చి వెళ్లేవారు.

సోమవారం నుంచి చర్చి పని హాల్లో నడిచేది. బెడ్‌ఫర్డ్ పార్క్‌లో ఇ.జె. మే అనే ఆర్కిటెక్టు చర్చిని ఆనుకుని 1887లో హాలు కట్టాడు. శివారు హాళ్లలో ఏం జరిగేదో చూస్తే ఇప్పుడు ప్రభుత్వమూ బ్యాంకులూ క్లబ్బులూ చేసే పనులన్నీ అక్కడున్నాయి. పైసా పైసా దాచుకునే పెన్నీ బ్యాంకు, చలికాలానికి బొగ్గు చీటీ, బట్టల చీటీ, తల్లుల సమావేశం, తాగుడు మానిపించే సంఘం, పిల్లల బైబిల్ తరగతులు, సంగీత సాయంత్రాలు, డబ్బు పోగుచేయడానికి బజార్లు. మేరీ సమ్నర్ 1876లో మొదలుపెట్టిన మదర్స్ యూనియన్ అనే తల్లుల సంఘం ఇలాంటి చోట్లే పాకింది, తర్వాత మన దేశానికీ వచ్చింది. పారిష్ పత్రిక కూడా ఇలాగే వచ్చింది. 1859లో డెర్బీలో ఎర్స్‌కిన్ క్లార్క్ అనే ఫాదర్, లోపలి పేజీలు అచ్చేసి ఇచ్చి, పై పేజీల్లో ఎవరి పారిష్ వార్తలు వాళ్లు వేసుకునే ఏర్పాటు చేశాడు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, కానుకల లెక్క, పిక్నిక్ తేదీ. పక్కింటివాళ్ల పేరు కూడా తెలియని కాలనీలో, మనకొక ఊరుందని నెలకోసారి గుర్తుచేసేది ఆ పత్రికే.

ఫుట్‌బాల్ సంగతి వదలలేను. ఫుల్‌హమ్ క్లబ్బు 1879లో సెయింట్ ఆండ్రూస్ చర్చి సండే స్కూలు పిల్లలతో మొదలైంది. మాంచెస్టర్ సిటీకి మూలం 1880లో వెస్ట్ గోర్టన్‌లోని సెయింట్ మార్క్స్ చర్చి జట్టు. సౌతాంప్టన్‌ని ఇప్పటికీ సెయింట్స్ అంటారు, అది 1885లో సెయింట్ మేరీస్ చర్చి యువకుల సంఘం పెట్టిన జట్టు కాబట్టి. పబ్బుకి పోయే కుర్రాళ్లను మైదానానికి లాగాలని ఫాదర్లు అనుకున్నారు. కుర్రాళ్లు మైదానంలోనే ఉండిపోయారు. చర్చికి మగవాళ్ల రాక తగ్గుతూనే వచ్చింది. 1902-03లో లండన్‌లో ఒక పత్రిక జరిపించిన లెక్కలో ఆరాధనకు వెళ్లినవాళ్లు ఇంచుమించు ఐదుగురిలో ఒకరు, అందులో మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ. ఇల్లిల్లూ తిరిగి బాగోగులు కనుక్కున్నదీ, బజార్లు నడిపిందీ, సండే స్కూళ్లలో చెప్పిందీ చాలావరకు ఆడవాళ్లే. చర్చి నిర్ణయాల్లో మాత్రం వాళ్లకి చోటు దాదాపు లేదు. శివారు పారిష్ చరిత్రను ఫాదర్ల పేర్లతో, ఆర్కిటెక్టుల పేర్లతో రాయడం అందుకే సగం చరిత్ర.

ఇంకొక ఆచారం మనకు బాగా తెలిసినది. కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టోలో హాకర్ అనే ఫాదర్ 1843లో కోతల తర్వాత కృతజ్ఞతా ఆరాధన జరిపాడు. అది దేశమంతా పాకి, పొలమే లేని శివార్లలో కూడా పెద్ద పండుగైంది. కిటికీల గట్ల మీద గుమ్మడికాయలు, రొట్టెలు, ఆపిల్ పళ్లు. మన సి.ఎస్.ఐ. సంఘాల్లో కోత పండుగకి వడ్ల బస్తాలు, కోళ్లు, కూరగాయలు తెచ్చి వేలం పెట్టే ఆనవాయితీకి ఒక వేరు అటువైపు ఉంది. ఇక్కడి రైతుల చేతిలో అది లండన్ శివారులోకన్నా అర్థవంతంగా మారింది.

తెలుగు నేల మీద గోథిక్ కూడా వేరే అర్థం తెచ్చుకుంది. మెదక్ కెథడ్రల్ 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు తెరుచుకుంది. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ కరువులో జనానికి పని కల్పించి కట్టించాడు. గోపురం 175 అడుగులు. డోర్నకల్‌లో ఇందుకు భిన్నంగా, మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య గోథిక్‌ని పక్కనపెట్టి, దేవాలయాల, మసీదుల కట్టుబడిని కలిపి 1939లో కెథడ్రల్‌ని ప్రతిష్ఠించాడు. ఊరివాళ్లకి పరాయిగా కనపడకూడదన్నది ఆయన కోరిక. చుట్టుపక్కల ఇళ్ల భాషలోనే చర్చి కట్టాలని బెడ్‌ఫర్డ్ పార్క్‌లో షా పడ్డ తాపత్రయానికి ఇది దగ్గరే. అజరయ్య ముందున్న ప్రశ్న మాత్రం చాలా లోతైనది.

ఇరవయ్యో శతాబ్దంలో శివారు చర్చిలు చాలా దెబ్బతిన్నాయి. బాంబులు పడ్డాయి, జనం తగ్గారు, 1968 తర్వాత అవసరం లేదనుకున్న చర్చిలను మూసి వేరే పనులకు ఇచ్చే చట్టబద్ధమైన పద్ధతి వచ్చింది. ఫ్లాట్లయినవి ఉన్నాయి, నేలమట్టమైనవి ఉన్నాయి. విక్టోరియా కాలపు కట్టడాలంటే అప్పట్లో ఎవరికీ గౌరవం లేదు. బెడ్‌ఫర్డ్ పార్క్ ఇళ్లను కూడా పడగొట్టడం మొదలయ్యాక 1963లో అక్కడివాళ్లు సొసైటీ పెట్టుకున్నారు. 1967లో 356 ఇళ్లకు ఒక్కసారే రక్షణ దక్కింది. అదే ఏడాది సెయింట్ మైకేల్స్ చర్చి ఆధ్వర్యంలో బెడ్‌ఫర్డ్ పార్క్ పండుగ మొదలై, ఇప్పటికీ ప్రతి జూన్‌లో జరుగుతోంది. చర్చి ఎదుటి పచ్చికలో దుకాణాలు, లోపల కచేరీలు, వచ్చిన డబ్బు ధర్మ సంస్థలకూ చర్చికీ. ఆదివారం ఆరాధనకు ఎప్పుడూ రానివాళ్లు కూడా ఆ రోజుల్లో బల్లలు మోస్తారు, టీ పోస్తారు.